మూడు నెలలు వెనక్కి వెళ్లి చూడండి

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో జుట్టు రాలుతోందని ఎవరితో అన్నా, ముందు వచ్చే మాట "నీళ్లు పడటం లేదేమో!" అపార్ట్‌మెంట్ బోరు, ఎండాకాలం ట్యాంకర్... పాపం, నిందలన్నీ వాటికే. ఉప్పునీళ్లకు వెంట్రుక బిరుసెక్కి, చిక్కుపడి మధ్యలో తెగే మాట నిజమే. కానీ తెగడం వేరు, కుదురు నుంచి ఊడడం వేరు. దువ్వెనలోని వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. కొసన తెల్లటి చిన్న బుడిపె ఉంటే అది ఊడినది. అలా రోజుకు 50 నుంచి 100 దాకా ఊడడం అందరికీ ఉన్నదే. వారానికోసారి తలంటుకునేవాళ్లకు వారం లెక్కంతా ఆ రోజే కనిపిస్తుంది.

అంతకు మించి ఊడుతుంటే, షాంపూ మార్చే ముందు క్యాలెండర్ తిరగేయండి. టైఫాయిడ్, డెంగీ లాంటి గట్టి జ్వరం, ఆపరేషన్, కాన్పు, పెళ్లి ఫొటోల కోసం కడుపు మాడ్చుకోవడం... వీటి దెబ్బ జుట్టు మీద వెంటనే తెలియదు. ఎదుగుతున్న వెంట్రుకలు ఎదుగుదల ఆపేసి, రెండు మూడు నెలలకు కుప్పగా రాలతాయి. వానల్లో డెంగీ పడినవాళ్లు దీపావళి దాటాక బాత్రూమ్ జాలీ చూసి హడలిపోయేది అందుకే. జ్వరం సంగతి అప్పటికి మరిచిపోయి ఉంటారు. చాలామందికి ఇది ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. టెన్షన్ పడి నూనె సీసాల మీద డబ్బు పోయకండి.

బట్టతల ఇలా రాలదు, మెల్లగా పలచబడుతుంది. మగవాళ్లకు కణతల దగ్గర, నడినెత్తిన మొదలవుతుంది. ఆడవాళ్లకు నుదుటి అంచు అలాగే ఉండి పాపిడి వెడల్పవుతుంది. కారణం వంశం, హార్మోన్లు. హెల్మెట్‌ను తిట్టి లాభం లేదు. తల్లి వైపు నుంచి కూడా వస్తుంది కాబట్టి మేనమామల తలలూ ఒకసారి చూసుకోండి!

ఆడవాళ్లు ఇంకో మాట వినాలి. మెట్లెక్కితే ఆయాసం, నీరసం ఉంటే రక్తం తక్కువేమో, బరువు పెరిగి చలి ఎక్కువగా అనిపిస్తుంటే థైరాయిడేమో, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓడీ అనే అండాశయాల సమస్యేమో పరీక్ష చేయించుకోండి. రోజూ జడ బిగించి వేసినా కణతలు ఖాళీ అవుతాయి.

రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే పేనుకొరుకుడు అంటాం. పేను ఏ పాపం ఎరగదు. మన ఒంటి రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. చాలాసార్లు మళ్లీ మొలుస్తుంది. ఊడినచోట మంట, చీము, మచ్చ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. కుదురు చచ్చిపోతే అక్కడ వెంట్రుక రాదు. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోకుండా వెళ్లండి. ఆ పాత జ్వరం సంగతి కూడా చెప్పండి.