పగులు తనంతట తానే పూడుతుందా?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో సగం మంది మేస్త్రీలు, కాంట్రాక్టర్లు. మిగతావాళ్లు ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు. బ్యాక్టీరియా కలిపితే కాంక్రీటు పగుళ్లు వాటంతట అవే పూడిపోతాయని ఫోన్లలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. నిజమేనా సార్ అని అడుగుతున్నారు. నిజమే. అయితే ఏ బ్యాక్టీరియా లేని మామూలు కాంక్రీటు కూడా ఆ పని కొంత చేస్తుంది. మన కడపలో దానికి తక్కువయ్యేది నీళ్లే.

మనం పోసిన సిమెంటు అంతా గట్టిపడిపోదు. రేణువు పైభాగం నీటితో కలుస్తుంది, నడుమ కొంత పొడిగానే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పగులులోకి నీరు చేరితే ఆ మిగిలింది మళ్లీ పని మొదలుపెడుతుంది. ఇంతకన్నా పెద్ద పని సున్నానిది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్ నీటిలో కరిగి పగులులోకి వస్తుంది. నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బనేట్‌గా పేరుకుంటుంది. ఎర్రగుంట్ల దగ్గర తవ్వి, ఫ్యాక్టరీలో కాల్చిన సున్నపురాయి పదార్థమే మీ సంపు గోడలో మళ్లీ పుడుతోందన్నమాట. నాకైతే ఇది ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

సంపు గోడకి తెల్లటి చారలు కనిపిస్తే "ఉప్పు కారుతోంది" అని గీకి పారేస్తాం. తడిగుడ్డతో రుద్ది చూడండి. కరిగిపోతే ఉప్పు. కరక్కుండా అంటుకుని ఉంటే చాలావరకు ఈ కార్బనేటే, దాని జోలికి పోకండి. నీళ్ల ట్యాంకులకు మన దేశ ప్రమాణాల కోడ్ ఐఎస్ 3370 కూడా బయటికి కనిపించే ట్యాంకును నింపాక ముందు 7 రోజులు నీరు పీల్చుకోనివ్వమంటుంది, ఆ తర్వాత ఇంకో 7 రోజులు చెమ్మ వస్తోందా అని చూడమంటుంది. మనవాళ్లు నింపిన మర్నాడే చెమ్మ చూసి టెన్షన్ పడి కోటింగ్ డబ్బా కోసం పరిగెత్తుతారు.

అయితే ఎంత పగులు? ఇక్కడే వీడియోలు దాటవేస్తాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హెంక్ యోంకర్స్ బృందం నిద్రావస్థలో ఉన్న బ్యాక్టీరియా బీజాలను, వాటికి తిండిగా కాల్షియం లాక్టేట్‌ను మట్టి గుళికల్లో పెట్టి కాంక్రీటులో కలిపింది. పగులు వచ్చి తడి తగిలితే అవి మేల్కొని సున్నపురాయిని తయారుచేస్తాయి. 2011లో వాళ్లు ప్రకటించిన పరీక్షలో 100 రోజులు నీళ్లలో ఉంచితే 0.46 మిల్లీమీటర్ల పగులు దాకా పూడింది. బ్యాక్టీరియా లేని మామూలు ముక్కల్లో 0.18 దాకా పూడింది. రెండింటినీ నీళ్లలోనే ఉంచారు, అది మర్చిపోకండి. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కాగితం కూడా దూరని పగులుకు నీళ్లుంటే ఆశ ఉంది. విజిటింగ్ కార్డు దూరిందా, ఎదురుచూడొద్దు, ఇంజనీరును పిలవండి.

ఇక ఎండలో మాడే స్లాబు, గోడ ప్లాస్టరింగ్ సంగతి. అక్కడ నిలిచే తడి ఏదీ? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో కట్టిన ఇళ్ల కథ ఇంకా వేరు. వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాంతో గోడ పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. కదిలే పగులును ఏ సున్నమూ పట్టి ఉంచలేదు. పునాది సంగతి చూడకుండా పైన పుట్టీ పెట్టి లాభం లేదు. కమ్ముల వెంబడి తుప్పు మరక కనిపిస్తే అసలు ఆగొద్దు. తుప్పు ఉక్కు కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. పగులు పూడితే లీకు ఆగుతుందే గానీ, పోయిన బలమంతా తిరిగి వచ్చేస్తుందనుకోవద్దు.

గండికోట గోడల సున్నంలో కరక్కాయ, బెల్లం కలిపారని అంటుంటారు. దాని సంగతి అటుంచండి, అసలు సున్నానికే కరిగి మళ్లీ పేరుకునే గుణం ఉంది. రోమన్ల కాంక్రీటులోని తెల్లటి సున్నపు గడ్డలు కూడా ఇలాగే పగుళ్లు పూడుస్తాయని అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో చూపించారు.

మన చేతిలో ఉన్నది క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు. మన ఎండలకు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం లాంటి చోట్ల నుంచి వచ్చే ఆ బూడిద సున్నంతో మెల్లగా, నెలల తరబడి కలుస్తుంది. తొలి రోజుల్లోనే ఎండబెడితే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పట్టడం క్యూరింగ్ కాదు. స్లాబు మీద మడి కట్టి నీళ్లు నిలపండి, పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడి ఆరనివ్వకండి. నీళ్ల ట్యాంకరుకు డబ్బులవుతాయి, నాకు తెలుసు. పగుళ్లు పూడుస్తుందని డబ్బాలో అమ్మే మందుకూ అవుతాయి.

ఆ మందులు అన్నీ మోసమని నేననను. స్ఫటికాలు పెరిగేలా చేసే పొడులు సంపులకు, సెల్లార్లకు బాగానే పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ తడి ఉంటుంది. కొనేముందు షాపులో మూడు సంగతులు అడగండి. ఎంత వెడల్పు పగులు పూడుతుంది? ఎన్ని రోజుల్లో? పరీక్ష చేసినప్పుడు ముక్కను నీళ్లలో ఉంచారా, బయట ఉంచారా? మూడోదానికి జవాబు చెప్పలేకపోతే మేడ మీద స్లాబుకు అది కొనొద్దు.