చెల్లెలి సంతకానికి ముందు వాటాల లెక్క

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఒడిశాలోని మన బరంపురం కోర్టులో వకీలుగా చాలా ఏళ్లుగా ఆస్తి దావాలు నడుపుతున్నాను. అన్నదమ్ముల తగాదా అని ఊళ్లో చెప్పుకుంటారు గానీ, కాగితాలు తిరగేస్తే గొడవ మొదలైంది ఆడపిల్ల సంతకం దగ్గరే అని చాలాసార్లు తేలుతుంది. తండ్రి పెద్దకర్మ అయిపోతుంది. విశాఖ నుంచి వచ్చిన చెల్లెలు తిరుగు ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటుంది. "పట్టా మార్పించాలమ్మా, ఒక్కసారి రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి వెళ్లు" అంటాడు అన్న. దస్తావేజు ఒడియాలో ఉంటుంది, ఆమెకు చదవడం రాదు. అన్న మాట మీద నమ్మకంతో సంతకం పెట్టి, వేలిముద్ర వేసి రైలెక్కుతుంది. తన హక్కు వదులుకున్నానని ఎప్పటికో తెలుస్తుంది. ఆ రోజు నుంచి పుట్టింటి గడప తొక్కదు.

అన్నలందరూ మోసం చేస్తారని నేను అనడం లేదు. పెళ్లికి ఖర్చు పెట్టాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంకేం వాటా అని నిజంగానే నమ్ముతారు. చట్టం అలా లేదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. తాతల నాటి ఉమ్మడి ఆస్తి మాట వేరు. అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురంలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు అందులో 1985లోనే హక్కు వచ్చింది. ఇవతల మనకు 2005 సెప్టెంబరు 9 దాకా రాలేదు. అందుకే "మా ఒడిశాలో ఆడపిల్లకు లేదండీ" అనే మాట ఇంకా వినిపిస్తోంది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలన్న నియమం కూడా లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం అయిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపరు.

పట్టాలో పెద్దవాడి పేరు ఒక్కటే ఉంటే ఆస్తి అంతా అతనిది అయిపోదు. పన్ను రసీదులూ అంతే.

మన పట్టు నేత వీధుల్లో ఇళ్లు చూడండి. వెడల్పు పన్నెండు అడుగులు, లోపలికి పోయేకొద్దీ పొడవు. ముందు అరుగు, తరువాత మగ్గం గది, వెనక వంటిల్లు, చివర నుయ్యి. అటూ ఇటూ పొరుగువాళ్ల గోడలే, వీధిలోకి తలుపు ఒక్కటే. ముగ్గురికి నిలువుగా కోస్తే ఒక్కొక్కరికి నాలుగు అడుగులు. మంచం కూడా పట్టదు. అడ్డంగా కోస్తే వెనక వాటావాడు ముందువాళ్ల గదుల్లోంచి నడవాలి. ఇలాంటి ఇంటికి గోడ కట్టి పంపకం చేయాలని పంతం పట్టకండి. ముందు విలువ కట్టించండి. ఇల్లు నలభై లక్షలు, వారసులు తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అనుకోండి. తలా పది లక్షలు. ఇంట్లో ఉంటున్న కొడుకు తమ్ముడికి, చెల్లెలికి కలిపి ఇరవై లక్షలు ఇస్తే ఇల్లు అతనిదీ, అమ్మదీ అవుతుంది. ఒక్కసారిగా డబ్బు లేకపోతే వాయిదాలు రాసుకోండి, తేదీలతో సహా. పైకప్పు బాగుచేయించింది, ఆసుపత్రికి పెట్టింది ఎవరైనా ఉంటే ఆ లెక్కా అప్పుడే బయట పెట్టాలి. నాలుగేళ్ల తరువాత కోడళ్ల నోట అది రాకూడదు. ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసి చెల్లెలి చేతికివ్వండి. అది చూసి, "నాకు వద్దు అన్నయ్యా, అమ్మను చూసుకో చాలు" అంటే అది ఆమె పెద్ద మనసు. చూపించకుండా తీసుకున్నది పెద్ద మనసు కాదు, నాకు ఆ విషయంలో రెండో అభిప్రాయం లేదు.

అమ్మ వాటాను మరవకండి. ఆవిడ బతికుండగానే పిల్లలు తమలో తాము పంచేసుకుని, నెలకు ఒకరింట తిప్పడం చూస్తున్నాం. ఆవిడ పేరు దస్తావేజులో ఉండి తీరాలి.

పొలం విషయంలో జాగ్రత్త. గట్టు మీద నిలబడి పెద్దమనుషుల ముందు చెప్పుకున్న పంపకం ఒడిశాలో చెల్లదు. 1960 భూసంస్కరణల చట్టం 19వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు దస్తావేజు ఉండాలి, లేదా కోర్టు డిక్రీ, లేదా అందరి అంగీకారం మీద రెవెన్యూ అధికారి ఇచ్చిన ఉత్తర్వు. మాట కుదిరిన కుటుంబాలకు ఈ మూడోదే సులువైన దారి, తహసీల్ ఆఫీసులోనే పని జరుగుతుంది.

కుదరకపోతే? ఒకడు కోపం మీద తన వాటా బయటివాడికి అమ్మేస్తానంటాడు. ఆ వాటా కొనుక్కోవడానికి మొదటి హక్కు తోడి వారసులదని వారసత్వ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది. అమ్మేసినా, ఉమ్మడి ఇంట్లోకి వచ్చి కూర్చునే హక్కు ఆ కొన్నవాడికి రాదు. దావాకి వెళ్లేముందు లోక్ అదాలత్ చూడండి. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

బరంపురంలో ఇల్లు, ఆంధ్రలోని కవిటిలో కొబ్బరి తోట ఉన్నవాళ్లు మీలో ఉన్నారు. రెండు రాష్ట్రాలు కదా అని రెండు దావాలు వేయక్కర్లేదు. రెంటికీ కలిపి ఏదో ఒక చోట వేయొచ్చు. ఆస్తి మొత్తం చూపించాలి, ఒక ముక్క దాచి పంపకం అడిగితే ఎదుటివాళ్లకు అదే ఆయుధం.

పాత దస్తావేజులు, పట్టా కాపీలు తెచ్చుకున్నవాళ్లు భోజనాలకు లేవకముందే ఇటు రండి, ఒక్కొక్కటీ చూద్దాం. ఒడియా చదవడం రానివాళ్లకు నేనే చదివి చెబుతాను.