విమోచన సొమ్ము వ్యాపారం: ఆసియా ధోరణులు, డెల్టా నుంచి ఒక చూపు

గౌరవ సభాధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

కిడ్నాపు అనగానే మన ప్రాంతంలో నా వయసువారికి 1987 డిసెంబరు గుర్తుకొస్తుంది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మన్యంలో, గుర్తేడు దగ్గర, ఎస్.ఆర్.శంకరన్ గారితో సహా పలువురు ఐఏఎస్ అధికారులను పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళం నిర్బంధించింది. వారు అడిగింది సొమ్ము కాదు, జైల్లో ఉన్న తమవారి విడుదల. అధికారులు క్షేమంగా తిరిగివచ్చారు. ఆ ఉదంతాన్ని పక్కన పెట్టడానికే ముందుగా ప్రస్తావించాను. రాజకీయ బేరం కోసమైనా డబ్బు కోసమైనా చెర ఒకటే, లెక్క మాత్రం వేరు. డబ్బు కోసం చేసేది వ్యాపారం. అందులో పెట్టుబడి ఉంటుంది, గిట్టుబాటు ఉంటుంది, ఒకచోట గిట్టకపోతే మరోచోటికి తరలిపోవడం ఉంటుంది. నేటి నా విషయం ఆ తరలింపే.

పాత పద్ధతిలో లక్ష్యం ధనికుడు. 1996లో హాంకాంగ్‌లో ఒక ముఠా అక్కడి మహా సంపన్నుడి కొడుకును పట్టుకుని వంద కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా రాబట్టింది. ముఠా నాయకుడికి 1998లో చైనాలో మరణశిక్ష అమలైంది. అంత పెద్ద మనిషిని పట్టాలంటే నెలల తరబడి కాపు కాయాలి, ఆపైన రాజ్యం మొత్తం వెంటపడుతుంది. అందుకే క్రమంగా చూపు విదేశీ యాత్రికుల మీదికి, ఆ తర్వాత కూలివారి మీదికి మళ్లింది.

సముద్రం మీద ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 2000 ఏప్రిల్‌లో దక్షిణ ఫిలిప్పీన్స్‌కు చెందిన అబూ సయ్యాఫ్ అనే సాయుధ ముఠా మలేసియాకు చెందిన సిపడాన్ దీవి నుంచి 21 మందిని, యాత్రికులనీ రిసార్టు పనివారినీ కలిపి, ఫిలిప్పీన్స్‌లోని హోలో దీవికి తరలించింది. 2016 నాటికి అదే ముఠా చేతికి చిక్కినవారు ఎక్కువగా ఇండోనేసియా టగ్గుల సిబ్బంది. బొగ్గు బార్జీని లాగే టగ్గు మెల్లగా నడుస్తుంది, దాని అంచు నీటికి దగ్గరగా ఉంటుంది. చిన్న పడవలో వచ్చినవాడు సులువుగా ఎక్కేస్తాడు. మన రేవుల్లో బార్జీలు చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. 2017లో ఇండోనేసియా, మలేసియా, ఫిలిప్పీన్స్ కలిసి గస్తీ మొదలుపెట్టాయి, ఫిలిప్పీన్స్ సైన్యం దీవుల్లో ఒత్తిడి పెంచింది, 2020 తర్వాత ఆ జలాల్లో ఈ బెడద బాగా తగ్గింది.

ఇక సింధునది. పాకిస్తాన్‌లో సింధ్, దక్షిణ పంజాబ్ సరిహద్దులో నదికి రెండు వైపులా ఉన్న కరకట్టల నడుమ వరదకు మునిగి తేలే నేలను అక్కడివారు కచ్చా అంటారు. మనకైతే లంక. గడ్డీ పొదలూ దట్టంగా పెరిగే ఆ లంకల్లో బందిపోట్లు ఉంటారు, పోలీసు జీపు అక్కడికి పోజాలదు. విచిత్రమేమంటే, వారు ఇప్పుడు జనాన్ని వెతుక్కుంటూ రావడం తగ్గించారు. చవకగా ట్రాక్టరు అమ్ముతామని ప్రకటన ఇస్తారు, లేదా ఫోనులో ఆడగొంతుతో పరిచయం పెంచుకుంటారు. ఆశపడ్డవాడు బస్సెక్కి, తన ఛార్జీ తానే పెట్టుకుని చెరలోకి నడిచి వస్తాడు. కశ్మోర్, ఘోట్కీ ప్రాంతాలకు దూర ప్రాంతాల నుంచి ఇలా వచ్చి చిక్కినవారు ఎందరో ఉన్నారు.

బందీయే నడిచివచ్చే ఈ పద్ధతిని ఆగ్నేయాసియా ముఠాలు పరిశ్రమ స్థాయికి తీసుకుపోయాయి. దానికి పునాది 2015లోనే థాయ్‌లాండ్, మలేసియా సరిహద్దు అడవుల్లో బయటపడింది. మయన్మార్ నుంచి పారిపోయి పడవల్లో వచ్చిన రోహింగ్యా ముస్లింలను శిబిరాల్లో బంధించి, కొడుతూ ఇంటికి ఫోను చేయించి సొమ్ము రాబట్టేవారు. ఆ శిబిరాల దగ్గర సమాధులు తవ్వి తీశారు. ఆ తర్వాత అడవి స్థానంలో ప్రహరీ గోడల మధ్య అంతస్తుల భవనాలు వచ్చాయి: మయన్మార్‌లో మ్యావడీ దగ్గరి కేకే పార్కు, కంబోడియాలో సిహానూక్‌విల్ వంటివి. ఆన్‌లైన్ మోసాలు చేయడానికి బలవంతంగా ఉంచినవారు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది.

ఇక్కడ విమోచన సొమ్ముకు ఆ పేరే ఉండదు. టికెట్టు ఖర్చు, వీసా ఖర్చు, తిండి ఖర్చు, ఒప్పందం మధ్యలో వదిలేసినందుకు జరిమానా అంటూ చిట్టా రాసి చూపిస్తారు. కట్టకపోతే మరో ముఠాకు అమ్ముతారు, అప్పు కూడా అతడితో పాటే బదిలీ అవుతుంది. పైగా చెరలో ఉన్నవాడి చేతనే మన దేశంలో ఎవరో రిటైర్డు ఉద్యోగికి ఫోను చేయించి, పోలీసులమంటూ డిజిటల్ అరెస్టు అని భయపెట్టి దోచుకుంటారు. బాధితుడే నేరగాడి పనిముట్టు కావడం ఈ వ్యాపారంలో కొత్త అంశం. నన్నడిగితే అత్యంత క్రూరమైన అంశం కూడా అదే.

ఇదంతా దూరపు మాట కాదు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో యువకులను కంబోడియా పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. 2025 మార్చిలో రెండు రోజుల వ్యవధిలో ఇలాంటి కేంద్రాల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను మయన్మార్ సరిహద్దు దగ్గర, థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో స్వదేశానికి తెచ్చారు.

డెల్టాలో ప్రతి వీధికీ కువైట్‌తోనో మస్కట్‌తోనో చుట్టరికం ఉంది. ఏజెంటు మన ఊరివాడే, వరసకు బావో బాబాయో అవుతాడు. అతడి మాట మీద నమ్మకంతో రసీదు అడగం. 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను. లక్షల్లో అడిగినప్పుడే తేడా తెలియాలి. అయితే చట్టంలో ఒక సందు ఉంది, దాని గురించి తగినంత చర్చ జరగడం లేదని నా అభిప్రాయం. విదేశీ పనికి వెళ్లేముందు ప్రభుత్వం చేసే ముందస్తు అనుమతి తనిఖీ ప్రధానంగా పదో తరగతి దాటనివారికి, అదీ 18 దేశాలకు వెళ్లేటప్పుడే. ఎడారిలో కూలికి పోయే నిరుపేదను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమమది. ఈ మోసాల కేంద్రాలకు కావలసింది మాత్రం ఇంగ్లీషు, కంప్యూటరు వచ్చిన డిగ్రీ కుర్రవాడు. అతడికి ఆ తనిఖీ వర్తించదు, కంబోడియా, మయన్మార్ ఆ జాబితాలోనే లేవు, పైగా చేతిలో ఉండేది టూరిస్టు వీసా.

శిక్షల విషయం క్లుప్తంగా చెబుతాను. 1993లో భారత శిక్షాస్మృతికి 364ఎ సెక్షను చేర్చారు. డబ్బు కోసం అపహరిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. నేడు అది భారతీయ న్యాయ సంహితలో 140(2). తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు, ఎత్తుకుపోయి డబ్బు అడిగినంత మాత్రాన ఈ సెక్షను వర్తించదని, ప్రాణహాని లేదా గాయం చేస్తామన్న బెదిరింపో, అటువంటి భయం కలిగించే ప్రవర్తనో, నిజంగా గాయపరచడమో చంపడమో రుజువు కావాలని తేల్చింది. అందువల్ల ఫోను వచ్చినప్పుడు ఇంటివారు చేసే పని కోర్టులో నిలుస్తుంది: ఆ మాటలు రికార్డు చేయాలి, వాట్సాప్ సందేశాలు తుడిచేయకూడదు, సొమ్ము ఏ ఖాతాకు పంపమన్నారో రాసిపెట్టుకోవాలి. పరువు పోతుందని మూడో రోజు వరకు స్టేషను గడప తొక్కని కుటుంబాలే ఎక్కువ, ఈలోగా కొబ్బరి తోట తాకట్టులోకి పోతుంది.

బయట బల్ల మీద, విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు నమోదు సంఖ్యను సరిచూసుకునే పద్ధతిని రాసి ఉంచాను. పాస్‌పోర్టు ఇప్పటికే ఏజెంటు చేతికి ఇచ్చినవారు ఎవరైనా ఉంటే, సభ ముగిశాక నాతో విడిగా మాట్లాడండి.