పదవీ విరమణ లేని ర్యాంకు: సామ్ మానెక్‌షా 94 ఏళ్ల జీవితం

[తెర మీద: సైనిక దుస్తుల్లో మానెక్‌షా పాత ఫోటో]

నమస్కారం. మానెక్‌షా పేరు వినగానే మనలో చాలామందికి 1971 డిసెంబరు నాటి పదమూడు రోజుల యుద్ధమే గుర్తుకు వస్తుంది. ఆ యుద్ధం మీద వీడియోలకు కొదవ లేదు కనుక, ఈరోజు దాని జోలికి ఎక్కువగా పోకుండా ఆయన మిగతా జీవితాన్ని, ముఖ్యంగా కొలువు వదిలిన తర్వాత గడిచిన 35 ఏళ్లను చూద్దాం.

ఆయన 1914 ఏప్రిల్ 3న అమృత్‌సర్‌లో ఒక పార్సీ డాక్టర్ ఇంట్లో పుట్టారు. ఇంగ్లండు వెళ్లి వైద్యం చదువుతానంటే, ఒంటరిగా ఉండే వయసు ఇంకా రాలేదని తండ్రి ఒప్పుకోలేదు. ఆ కోపంలోనే ఇండియన్ మిలిటరీ అకాడమీ పరీక్ష రాసి, 1932లో డెహ్రాడూన్‌లో మొదటి బ్యాచ్‌లో చేరారు. అలిగి పట్టుకున్న ఆ కొలువు నలభై ఏళ్లు సాగింది. 1939లో సిలూ బోడేతో పెళ్లయింది. వారికి ఇద్దరు కూతుళ్లు.

[తెర మీద: బర్మా మ్యాపు, సిట్టాంగ్ నది]

1942 ఫిబ్రవరి 22న ఆ సంసారం ముక్కలైపోవలసింది. ఇంటి దగ్గర పెద్దకూతురికి రెండేళ్లు. బర్మాలో సిట్టాంగ్ వంతెన దగ్గర జపాన్ సేనల మీదికి తన కంపెనీని నడిపిస్తున్న కెప్టెన్ మానెక్‌షా శరీరంలోకి మెషిన్‌గన్ తూటాలు దిగాయి. ఇక బతకడనుకున్న మేజర్ జనరల్ కోవన్, చనిపోయినవారికి మిలిటరీ క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకాన్ని అప్పట్లో ఇచ్చేవారు కాదు కనుక, తన రిబ్బను తీసి అక్కడికక్కడే ఆయన ఛాతీకి గుచ్చారు. సహాయకుడు షేర్ సింగ్ ఆయనను మోసుకుని వైద్యుడి దగ్గరకు చేర్చాడు. ఏమైందని డాక్టర్ అడిగితే "కంచరగాడిద తన్నింది" అని జవాబిచ్చాననీ, ఇంత స్థితిలోనూ హాస్యమాడుతున్నాడే అని ఆ డాక్టర్ ఆపరేషన్‌కు పూనుకున్నాడనీ మానెక్‌షా తర్వాత చెప్పుకొనేవారు. కథకు ఆయన కొంత ఉప్పూకారం చేర్చి ఉండవచ్చు గానీ గాయాలు మాత్రం నిజం.

రెండో గండం తూటాల వల్ల కాదు, సొంతవారి వల్ల వచ్చింది. తమిళనాడులోని వెల్లింగ్టన్‌లో సైనికాధికారులకు శిక్షణ ఇచ్చే స్టాఫ్ కాలేజీకి అధిపతిగా ఉండగా, నోటికి అడ్డూ అదుపూ లేదన్న ఫిర్యాదులు పోగై విచారణ దాకా పోయాయి. అందులో నిర్దోషిగా తేలిన ఆయనకు, 1962లో చైనా చేతిలో దెబ్బతిన్న నాలుగో కోర్ అనే పెద్ద సైనిక విభాగాన్ని అప్పగించారు. 1969లో ఆర్మీ చీఫ్ అయ్యారు. 1971 ఏప్రిల్‌లో యుద్ధానికి సైన్యం సిద్ధంగా లేదని, వానాకాలం ముంచుకొస్తోందని ఇందిరాగాంధీ ముఖం మీదే చెప్పగలిగిన మనిషి పుట్టుకతోనే అలాంటివాడని ఈ విచారణ కథ చూస్తే అర్థమవుతుంది.

[తెర మీద: ఐదు నక్షత్రాల చిహ్నం]

1973 జనవరిలో ఆయనకు ఫీల్డ్ మార్షల్ ర్యాంకు ఇచ్చారు. ఈ ర్యాంకు అందుకున్నవారు జీవితాంతం సర్వీసులో ఉన్నట్టే లెక్క, అంటే వారికి రావలసింది పెన్షన్ కాదు, జీతం. మన దేశంలో ఈ ఐదు నక్షత్రాల హోదా దక్కింది ముగ్గురికే: మానెక్‌షా, కరియప్ప, వైమానిక దళంలో అర్జన్ సింగ్. విచిత్రమేమిటంటే ముగ్గురూ తొంభై దాటి బతికారు.

అయితే కాగితం మీది గౌరవం వేరు, ఖజానా లెక్క వేరు. మానెక్‌షా భార్యతో కూనూర్‌లో స్థిరపడ్డారు, కంపెనీల బోర్డుల్లో డైరెక్టరుగా పనిచేశారు, మనవల ఎదుగుదల చూశారు. ర్యాంకుకు తగిన పూర్తి జీతం మాత్రం దశాబ్దాల పాటు రానే లేదు. 2001లో సిలూ కన్నుమూశారు. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆసుపత్రికి వెళ్లి ఆయనను పరామర్శించారు. అదే ఏడాది రక్షణ శాఖ కార్యదర్శి కోటి రూపాయలకు పైబడిన బకాయిల చెక్కును స్వయంగా తెచ్చి ఇచ్చారు. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. ఆ డబ్బు ఆలస్యం కావడం ఏదో ఒక గుమాస్తా పొరపాటు అనుకోవడం నాకు కష్టంగానే ఉంది.

2008 జూన్ 27న వెల్లింగ్టన్ మిలిటరీ ఆసుపత్రిలో న్యుమోనియాతో ఆయన మరణించారు. ఊటీలోని పార్సీ శ్మశానవాటికలో జరిగిన అంత్యక్రియలకు ప్రధాని గానీ, రక్షణ మంత్రి గానీ, త్రివిధ దళాల అధిపతులు గానీ రాలేదు. కేంద్రం తరఫున వచ్చినవారు అప్పటి రక్షణ శాఖ సహాయ మంత్రి, మన కాకినాడ ఎంపీ పల్లంరాజు.