మనం అడిగింది గేమ్‌లో ఎందుకు రాదు?

[దృశ్యం: దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేమింగ్ కేఫ్, సాయంత్రం. వరుసగా స్క్రీన్లు, అన్నింటిలో అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతోంది.]

వాయిస్: కొత్త అప్‌డేట్ వచ్చిన రోజు మన హైదరాబాద్‌లో ఏ గేమింగ్ కేఫ్‌కి వెళ్ళినా రెండు మాటలు వినిపిస్తాయి. "ఎన్నిసార్లు అడిగినా పెట్టలేదు చూడు." ఆ వెంటనే, "అసలు మనమంటే వాళ్ళకి లెక్కే లేదు." మొదటి మాటలో న్యాయం ఉంది. డబ్బు పెట్టి, నిద్ర మానుకుని ఆడేవాళ్ళకి అడిగే హక్కు ఉంటుంది. రెండో మాట మాత్రం చాలాసార్లు నిజం కాదు. అది నిజమని నమ్మేసి, ప్రాణంలా ఆడిన గేమ్‌నే ద్వేషించే దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు. నాకు బాధగా ఉండేది అదే.

[స్క్రీన్ మీద: గేమ్ మెనూలో ఒక బటన్, దాని మీద "ప్‌రారంభించు".]

మనం ఎక్కువగా అడిగే కోరికతో మొదలుపెడదాం: గేమ్ తెలుగులో కావాలి. అనువాదం చేయించి పెట్టేస్తే పోయేదానికి ఇంత ఆలస్యం ఎందుకు అంటాం. ఈ బటన్ చూడండి. ప కింద ర ఒత్తు పడాల్సిన చోట 'ప్' వేరుగా, 'రా' వేరుగా విడిపోయాయి. ఇంగ్లిష్ అక్షరాలు పక్కపక్కన పేర్చుకుంటూ పోతే సరిపోతుంది. తెలుగులో అక్షరం, గుణింతం, ఒత్తు కలిసి ఒకే ఆకారం కావాలి. ఆ కలిపే పనికి గేమ్ ఇంజిన్‌లో, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. గోడో ఇంజిన్‌లో అది 2023లో వచ్చిన 4వ వెర్షన్‌తో చేరింది. యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి ఏళ్ళ తరబడి వాడుతున్న టెక్స్ట్‌మెష్ ప్రోకి ఆ పని దానంతటదిగా రాదు.

అంటే, ఎప్పుడో తయారైన గేమ్‌లో తెలుగు పెట్టాలంటే అక్షరాలు గీసే పద్ధతే మార్చాలి. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి బటన్ల ఎత్తు, లైన్ల మధ్య ఖాళీ అన్నీ మళ్ళీ సరిచూడాలి. అనువాదం ఆ తర్వాతి మాట. అదీ ఒక్కసారితో తీరదు, ఇక మీదట వచ్చే ప్రతి అప్‌డేట్‌నీ తెలుగులో రాయించి, ఆడించి చూసుకోవాలి. స్లాబ్ పోశాక మెట్లు ఇటు జరపమంటే మేస్త్రీ ఎందుకు తల పట్టుకుంటాడో మనకు తెలుసు. ఇదీ అంతే.

అలాగని తెలుగు అడగొద్దు అనడం లేదు. అడగాలి, గట్టిగానే అడగాలి. రాకపోతే దానికి చిన్నచూపే కారణం అనుకోకండి, అంతే.

[దృశ్యం: మ్యాప్. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కి ఒక గీత.]

రెండోది, "మాకు దగ్గర్లో సర్వర్ పెట్టండి." మనం ఆడే సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి. ఇక్కడి నుంచి అక్కడికి తిన్నగా గీత గీస్తే సుమారు 3,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పోయి రావడానికే 33 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుల్ తిన్నగా ఉండదు, మధ్యలో రూటర్లు ఉంటాయి, కాబట్టి మన స్క్రీన్ మీద పింగ్, అంటే సిగ్నల్ సర్వర్‌కి పోయి రావడానికి పట్టే సమయం, అంతకంటే ఎక్కువే కనిపిస్తుంది. ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఆ 33 కరగదు.

ముంబైలో సర్వర్ పెడితే పింగ్ బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ఒక లెక్క వేద్దాం. రాత్రి 1 గంటకి ఆ సర్వర్‌లో 2,000 మంది ఉన్నారనుకోండి. 4 మోడ్‌లు, ఒక్కోదాంట్లో 8 ర్యాంకులు. సమానంగా పంచితే ఒక్కో చోటికి 62 మంది. అందులో చాలామంది అప్పటికే వేరే మ్యాచ్‌లో ఉంటారు. మరి అందరూ ఒకేసారి దిగి చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచే, 60 మందితో నడిచే బ్యాటిల్ రాయల్ మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుంది? సర్వర్ అద్దె కంటే పెద్ద చిక్కు ఇదే. ఆడేవాళ్ళు తక్కువగా ఉన్న గేమ్‌కి కొత్త సర్వర్ అంటే ఉన్నవాళ్ళని రెండు ముక్కలు చేయడమే.

[స్క్రీన్ మీద: "సైబర్‌పంక్ 2077, డిసెంబర్ 10, 2020".]

అయితే ప్రతిసారీ డెవలపర్ మాటే రైటా? కానే కాదు. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ విడుదలైనప్పుడు పాత కన్సోళ్ళలో అది నడిచిన తీరు ఎంత ఘోరంగా ఉందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసింది, కొన్నవాళ్ళకి డబ్బు వాపసు ఇస్తానంది. అక్కడ జనం కోరికలు కోరలేదు. డబ్బు తీసుకుని ఇస్తామన్నది ఇవ్వలేదని నిలదీశారు. నా లెక్కలో గీత గీయాల్సింది ఇక్కడే. వాళ్ళు మాట ఇచ్చింది వేరు, మనకి మనం ఆశ పెట్టుకున్నది వేరు. మొదటిదానికి నిలదీయొచ్చు. రెండోదానికి అడగొచ్చు, ఒప్పించొచ్చు. కాదంటే మోసం చేశారనడం మాత్రం అన్యాయం.

ఒప్పించడం కుదిరిన సందర్భాలూ ఉన్నాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌ని మొదట్లో ఉన్నట్టే మళ్ళీ ఇవ్వమని ఆటగాళ్ళు అడిగితే, 2013లో దాన్ని తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీవాళ్ళు వేదిక మీది నుంచే, మీకు కావాలనిపిస్తోంది గానీ నిజంగా అక్కర్లేదన్నట్టు జవాబిచ్చారు. వినడానికే మనసు చివుక్కుమంటుంది. తర్వాత ఆ పాత గేమ్‌ని అనధికారంగా నడిపిన నోస్టాల్‌రియస్ అనే సర్వర్‌ని 2016లో మూయించినప్పుడు, పాత గేమ్ కావాలంటూ 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. జనం నిజంగానే ఆడుతున్నారని కళ్ళ ముందు కనిపించింది. 2017లో కంపెనీ ఒప్పుకుంది, 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో ఆ పాత గేమ్ వచ్చింది. అరుపులకంటే ఆ రుజువే ఎక్కువ పని చేసిందని నేను నమ్ముతాను.

[దృశ్యం: ఫోన్‌లో ఫీడ్‌బ్యాక్ ఫారం, వేళ్ళు టైప్ చేస్తున్నాయి.]

మనం రాసే కంప్లయింట్‌లోనూ ఆ రుజువు ఉండాలి. "ల్యాగ్ వస్తోంది, సర్వర్ మార్చండి" అంటే వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఇలా రాసి చూడండి: "కూకట్‌పల్లి, ఇంటి వైఫై. రాత్రి 9 నుంచి 11 మధ్య పింగ్ 70 నుంచి 180కి ఎగురుతోంది. అదే సమయంలో మొబైల్ డేటా మీద ఎగరడం లేదు." ఇది రాసేటప్పుడే మీకు తట్టొచ్చు, తప్పు గేమ్‌ది కాకపోవచ్చు, ఇంటి నెట్‌ది కావచ్చని. పరిష్కారం ఏంటో మనం చెప్పక్కర్లేదు, ఇబ్బంది ఎక్కడుందో చూపిస్తే చాలు. మన ఊళ్ళోనూ గేమ్‌లు తయారుచేసే చిన్న జట్లు ఉన్నాయి. 2017లో అసుర గేమ్ తెచ్చిన ఓగ్రే హెడ్ స్టూడియో హైదరాబాద్‌దే. చిన్న జట్లలో కోడ్ రాసేవాళ్ళే మెసేజ్‌లూ చదువుకోవాల్సి వస్తుంది. అక్కడ ఒక తిట్టు సూటిగా మనిషికే తగులుతుంది.

ఇక ఛానెళ్ళు నడిపే మన స్ట్రీమర్లకి ఒక విన్నపం. 2022 జూలై 28న బీజీఎమ్ఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే ఫోన్ గేమ్‌ని స్టోర్లలోంచి తీసేశారు. అది ప్రభుత్వ ఆదేశం, దాన్ని నడిపే క్రాఫ్టన్ కంపెనీ చేతిలో లేని పని. తిరిగి వచ్చింది 2023 మేలో. ఈ మధ్యలో "పక్కా డేట్ వచ్చేసింది" అని ఎన్ని థంబ్‌నెయిల్స్ చూశాం! ఆ తేదీలు కంపెనీ ఇచ్చినవి కావు. ప్రతి తేదీ దాటినప్పుడు పిల్లలు తిట్టుకున్నది మాత్రం కంపెనీనే. వ్యూస్ కోసం ఇంకొకరి పేరు మీద మాట ఇవ్వొద్దు.

లైవ్‌లో "అన్నా, ఈ అప్‌డేట్‌లో తెలుగు వస్తదా?" అని ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: "తమ్ముడూ, వాళ్ళు ఇస్తామని ఇంతవరకు ఎక్కడా అనలేదు. మనం అడిగాం, మళ్ళీ అడుగుదాం. ఫారం లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, నీ ఫోన్ మోడల్ కూడా రాయి."