ఏకాదశి మర్నాడు రక్తపరీక్ష

హోస్ట్: అందరికీ నమస్కారమండి. ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. కార్తీక మాసంలో మా అమ్మ ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ద్వాదశి పొద్దున్న, "ఎలాగూ పరగడుపునే ఉన్నాను, ఆ రక్తపరీక్ష కూడా అయిపోతుంది" అని ల్యాబ్‌కి వెళ్లింది. సాయంత్రం రిపోర్టులో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, 2.3. ఆ అంకె ఒక్కటే లావు అక్షరాల్లో ఉంది. నాన్న అమ్మని అరుగు మీదకి తీసుకొచ్చి, కింది రెప్ప లాగి, కళ్లు పచ్చబడ్డాయేమోనని ఎండలో చూశారు. చీకటి పడేసరికి మా పిన్ని పసరు మందు పోసే ఊరు కూడా కనుక్కుంది. ఒకటే టెన్షన్!

డాక్టర్: కామెర్లనగానే మన గోదావరి జిల్లాల్లో ముందు పసరే గుర్తొస్తుందమ్మా. పోయించారా?

హోస్ట్: లేదండి, మీ దగ్గరికి తీసుకొచ్చాం కదా.

డాక్టర్: ఆ, గుర్తుంది. మిగతా లివర్ పరీక్షలన్నీ బాగున్నాయి. 2.3లో డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం తన పని పూర్తిచేసిన భాగం, 0.4 మాత్రమే. అప్పుడే నాకు గిల్బర్ట్ సిండ్రోమ్ అనిపించింది. పుట్టుకతోనే కాలేయంలో ఒక ఎంజైమ్ కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది. దానివల్ల ప్రమాదం లేదు. కానీ కడుపు మాడితే బిలిరుబిన్ పెరుగుతుంది, తిండి పడితే ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది.

హోస్ట్: పరగడుపున రమ్మనేది ల్యాబ్ వాళ్లే కదండీ?

డాక్టర్: రమ్మంటారు, కానీ ఎంతసేపు? షుగర్‌కి కనీసం 8 గంటలు, కొలెస్ట్రాల్‌కి 9 నుంచి 12 గంటలు. మధ్యలో మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ వద్దు. కార్తీక సోమవారం ఉపవాసమున్నవాళ్లు చుక్క చూసి భోంచేస్తారు, మంగళవారం పొద్దున్నకి 12 గంటలే. మీ అమ్మగారు దశమి రాత్రి 8కి తిని, ద్వాదశి పొద్దున్న 8కి రక్తమిచ్చారు. 36 గంటలు!

హోస్ట్: బిలిరుబిన్ ఒక్కటే మారుతుందాండి?

డాక్టర్: కాదమ్మా. అంతసేపు తినకపోతే ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంది, కీటోన్లు పుడతాయి. అవి కిడ్నీల్లో యూరిక్ యాసిడ్‌కి అడ్డుపడతాయి, అందుకని అది పెరుగుతుంది. నీళ్లు కూడా మానేస్తే రక్తం చిక్కబడి హిమోగ్లోబిన్, యూరియా ఎక్కువగా కనిపిస్తాయి. తక్కువగా కనిపించే వాటితోనే నాకు ఎక్కువ భయం. షుగర్, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు మామూలు రోజు కంటే తక్కువ రావచ్చు. "హమ్మయ్య, బాగానే ఉంది" అని మందులు మానేసేవాళ్లున్నారు. మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం ఒక్కరోజు ఉపవాసానికి మారదు. ఇంకో మాట, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు.

హోస్ట్: మరి ల్యాబ్‌లో ఏం చెప్పాలండి?

డాక్టర్: "ఏమైనా తిన్నారా?" అని అడుగుతారు. మీ అమ్మగారు "లేదు" అన్నారు, అది నిజమే. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో కూడా చెప్పాలి. అడక్కపోయినా చెప్పండి.

హోస్ట్: వారం తర్వాత, రాత్రి పప్పుచారు అన్నం తిని, పొద్దున్న మళ్లీ రక్తమిచ్చింది. 1.1 వచ్చింది. ఇప్పుడు పరీక్ష ఉందంటే క్యాలెండర్ దగ్గరికెళ్లి, దశమి పొద్దున్నే వెళ్లొస్తానంటోంది.