తప్పో ఒప్పో ఎవరు చెప్పాలి?

(జాతీయ గణిత దినోత్సవం నాడు భీమవరంలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ డిసెంబర్ 22, రామానుజన్ పుట్టినరోజు. ఆయన ప్రతిభ గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను మన ఇళ్ళలో ఉండే మామూలు పిల్లల గురించి మాట్లాడతాను.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో లెక్కల బోధన మీద పని చేసేవాళ్ళు చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ‘ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?’ చాలామంది 36 అని రాసేశారు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ ఏం సంబంధమని అడిగినవాళ్ళు తక్కువ. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అమెరికాలో 13 ఏళ్ళ పిల్లలకు పెట్టిన జాతీయ పరీక్షలో ఇంకో ప్రశ్న వచ్చింది. బస్సుకు 36 మంది చొప్పున 1128 మంది సైనికులు వెళ్ళాలంటే ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. అయినా 29 శాతం మంది ‘31, శేషం 12’ బస్సులని రాశారు. 32 అని రాసినవాళ్ళు 23 శాతమే.

ఆ పిల్లలకు లెక్క రాదని అనలేం. నరసాపురం రేవులో సఖినేటిపల్లి వెళ్ళే పంటు పడవ కోసం నిలబడిన పిల్లవాణ్ణి ఇదే అడగండి. మిగిలిన పన్నెండు మందిని గట్టు మీద వదిలేస్తాడా? ఇంకో ట్రిప్పు వెయ్యాలంటాడు. అదే పిల్లవాడు నోటు పుస్తకం తెరిచేసరికి ఆ తెలివిని బడి గుమ్మం బయట వదిలేసి వస్తున్నాడు. లెక్కంటే అంకెలను కలపడమో తీసెయ్యడమో చేసి, టీచర్ టిక్కు పెట్టే జవాబు పట్టుకురావడమేనని మనమే నేర్పాం.

ఈ మాట మన రొయ్యల చెరువుల దగ్గర బాగా తెలుస్తుంది. 30 కౌంట్‌కి రేటు ఎక్కువ, 100 కౌంట్‌కి తక్కువ అని మన ఊళ్ళలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, ఒక్కోటి 33 గ్రాముల పైనే. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు. అదే పిల్లల్ని క్లాసులో ముప్పయ్యో వంతు పెద్దదా, నూరో వంతు పెద్దదా అని అడిగితే సగం మంది నూరో వంతే పెద్దదంటారు, వంద పెద్ద అంకె కాబట్టి! ‘ఒక కిలో 30 రొయ్యలకు పంచితే ఒక్కో రొయ్య బరువెంత, వందకు పంచితే ఎంత?’ అని అడిగితే చాలు, వాళ్ళంతట వాళ్ళే దిద్దుకుంటారు. అక్కడితో ఆపకండి. కౌంట్ 100 నుంచి 90కి వస్తే రొయ్యకు పెరిగిన బరువు ఒక గ్రాము చిల్లర. 40 నుంచి 30కి వస్తే ఎనిమిది గ్రాముల పైనే. తగ్గింది రెండుచోట్లా పదే కదా, బరువు మాత్రం ఎందుకింత తేడాగా పెరిగిందని అడగండి. విలోమానుపాతం అనే పేరు ఆ తర్వాత చెప్పవచ్చు.

మా తరగతిలో ఇలా ఒక లెక్క ఇచ్చాను. 40 కౌంట్ రొయ్యలు సగం, 60 కౌంట్ రొయ్యలు సగం కలిపితే మొత్తం కౌంట్ ఎంత? వెంటనే అందరూ 50 అన్నారు. ఒకమ్మాయి మాత్రం 48 అంది. గొడవ మొదలైంది. నేను పలకలేదు. టీచర్లకు ఇది కష్టమైన పని. జవాబు నోటి చివర ఉంటుంది, అయినా ఆగాలి. ఆ అమ్మాయి బోర్డు మీద చేసి చూపించింది. రెండు రకాలూ 120 చొప్పున తీసుకుంటే మొదటివి 3 కిలోలు, రెండోవి 2 కిలోలు. మొత్తం 5 కిలోలకు 240 రొయ్యలు, అంటే కిలోకి 48. అవతలివాళ్ళు ఒక్కో కిలో చొప్పున తీసుకున్నారు: 2 కిలోలకు 100 రొయ్యలు, కిలోకి 50. రెండూ సరైనవే. సగం అంటే బరువులో సగమా, రొయ్యల సంఖ్యలో సగమా అని ప్రశ్నలోనే లేదు. ఆ సంగతి నేను చెప్పకుండానే పిల్లలు కనిపెట్టారు.

పజిల్ అంటే నాకెందుకంత ఇష్టమో కూడా చెప్పాలి. మన పెద్దవాళ్ళు అడిగే తుమ్మెదల లెక్క మీకు తెలిసిందే. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెద మిగిలింది, రెండేసి వాలితే ఒక పువ్వు మిగిలింది, పూలెన్ని, తుమ్మెదలెన్ని? మూడు, నాలుగు అని తేల్చిన పిల్లవాడు ‘రైటేనాండీ?’ అని నా టేబుల్ దగ్గరికి రాడు. వేళ్ళ మీద వాల్చి చూసుకుంటాడు, పొసిగిందని వాడికే తెలుస్తుంది. తప్పో ఒప్పో తేల్చే అధికారం వాడి చేతిలో ఉంటుంది. సిలబస్ అయ్యాక టైమ్ మిగిలితే పజిల్ చెబుదామనుకోవడం నాకు నచ్చదు. సిలబస్ మొత్తాన్నీ ఆ అధికారం పిల్లల చేతిలో ఉండేలా చెప్పాలి. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో చెప్పాడు. మన భాషలో లెక్క గురించి ఆలోచించడం అంత పాతది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఎక్కాలు రావాలి, సాధన కావాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ రోజుకు ఎన్ని లెక్కలు చేశాడని లెక్కపెట్టి టెన్షన్ పడకండి. ఒక్క లెక్క మీద పిల్ల సాయంత్రమంతా కూర్చుంటే టైమ్ వేస్ట్ అయిందనుకోకండి. జవాబు వచ్చిందా అని కాదు, ‘ఇది ఎలా కుదురుతుందమ్మా?’ అని అడగండి. మీకు ఆ లెక్క రాకపోయినా ఫర్వాలేదు, ఆ ప్రశ్న అడగడానికి లెక్కలు రావక్కర్లేదు.

రొయ్యల లెక్క అయిన కొన్నాళ్ళకు సగటు వేగం పాఠం వచ్చింది. భీమవరం నుంచి నరసాపురానికి బండి మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, 60 వేగంతో తిరిగి వస్తే సగటు ఎంత? ఈసారి ఎవరూ 50 అని అరవలేదు. వెనక బెంచీ కుర్రాడు లేచి, ‘మాస్టారూ, ఇది రొయ్యల లెక్కేనండి. ఇక్కడ సగం అంటే దూరంలోనా, టైమ్‌లోనా?’ అన్నాడు. దూరంలో అన్నాను. 48 అన్నాడు. టైమ్‌లో సగమైతే 50 అని పక్కవాడు అందుకున్నాడు. ఎందుకో చెప్పమంటే ఇద్దరూ బోర్డు దగ్గరికి వచ్చారు.

సెలవు.